పేషెన్స్ ఓడ మీద పేలని ఫిరంగి

మా పెద్దమ్మ డోర్కస్ ఫిన్‌బో హార్విచ్ రేవులో పుట్టి హార్విచ్ రేవులోనే పోయింది. మధ్యలో ఒక్క వేసవీ, దాని వెనక వచ్చిన శరత్కాలంలో కొన్ని వారాలూ మాత్రం నేల మీద లేదు. ఆ రోజుల గురించి ఊళ్ళో ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకుంటారు. నేను చెప్పేది ఆవిడ నోటా, జేబెజ్ పెదనాన్న నోటా విన్నది. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని చెప్పినా ఒకరి మాటకి ఒకరు అడ్డం పడుతూనే ఉండేవారు.

ముందు మా తాత సంగతి చెప్పాలి. ఆయన హాలండు నుంచి సరుకు తెచ్చే ఓడలో పనిచేసేవాడు. ఒక సాయంత్రం తిరిగి వస్తుంటే, తీరం ఇంకా చాలా దూరం ఉందని లెక్కగట్టి కెప్టెన్ తెరచాపలన్నీ ఎత్తించాడట. ఆ లెక్క తప్పు. ఓడ లాంగ్ శాండ్ అనే ఇసుక తిన్నె మీదికి ఎక్కి, తెల్లారేసరికి చెక్కముక్కలైపోయింది. తాత శవం దొరకలేదు. అప్పటికి మా అమ్మ ఉయ్యాల్లో ఉంది. పెద్దమ్మకి ఊహ తెలిసిన వయసు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవాలన్నింటినీ అమ్మమ్మ చెయ్యి పట్టుకుని తిరిగి చూసింది.

సముద్రం మీద ఉత్తరం వైపు ఎంత వచ్చామో, దక్షిణం వైపు ఎంత దిగామో సూర్యుణ్ణి చూసి చెప్పొచ్చు. తూర్పు పడమరలు మాత్రం ఎవరికీ అందేవి కావు. ఆ రేఖాంశం కనిపెట్టినవాడికి పెద్ద బహుమానం ఇస్తామని పార్లమెంటు చాటింపు వేసినప్పటి నుంచీ, తెలివి ఉన్నవాళ్ళూ, ఉందనుకున్నవాళ్ళూ మా రేవు మీద పడ్డారు. ఒకాయన చంద్రుడి నడకని లెక్కేస్తే చాలన్నాడు. ఒకాయన ఓడ ఊగినా ఊగని కుర్చీ చేశాను, అందులో కూర్చుని చుక్కల్ని చూడమన్నాడు. ఆ కుర్చీ మొదటి అలకే ఆయన్ని ఎత్తి నీళ్ళలో పారేసింది. ఇంకొకాయన పెట్టెలో గడియారం తెచ్చాడు. అది రేవు దాటకముందే ఆగిపోయింది. సారాకొట్టులో జనానికి ఏడాదికి సరిపడా నవ్వు దొరికింది.

థియోఫిలస్ గారడ్ మాస్టారు వచ్చింది అలాంటి రోజుల్లోనే. ఇప్స్‌విచ్‌లో నావికులకు లెక్కలు నేర్పేవాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ జలుబుతో ఉండే మనిషి. సారాకొట్టులో బల్ల దగ్గర నిలబడి అడిగాడు.

"మెరుపు కనిపించాక ఉరుము వినిపించడానికి ఎంతసేపు పడితే, పిడుగు అంత దూరంలో పడ్డట్టు. అవునా, కాదా?"

"నాకు ఒక చెవే పనిచేస్తుంది మాస్టారూ. నాకైతే ప్రతి పిడుగూ పక్క ఊళ్ళోనే పడుతుంది," అన్నాడు జేబెజ్ పెదనాన్న. ఆయన రాజుగారి యుద్ధనౌకల్లో ఫిరంగి కాల్చి కాల్చి ఒక చెవి పోగొట్టుకుని ఇల్లు చేరినవాడు. మాట్లాడితే వీధి చివరికి వినపడేది.

మాస్టారు నవ్వలేదు. ఓపిగ్గా చెప్పాడు. ఓడలు తిరిగే దారి పొడుగునా అక్కడక్కడా పాత ఓడల్ని లంగరేసి నిలబెట్టాలి. అవి కదలకూడదు. రోజూ పొద్దుగూకే వేళకి ఒక్కో ఓడ నుంచీ ఒక నిప్పుగుండు నిట్టనిలువుగా ఆకాశంలోకి కాల్చాలి. దూరాన పోయే ఓడవాళ్ళు ఆ వెలుగు చూస్తారు. చప్పుడు చేరేదాకా లెక్కపెడతారు. నిలబెట్టిన ఓడ ఎక్కడుందో పటంలో ఉంటుంది కాబట్టి, దానికి ఏ దిక్కున, ఎంత దూరంలో ఉన్నారో తెలిసిపోతుంది.

"బాగానే ఉంది. మరి నడిసముద్రంలో ఆ కాల్చేవాడికి గంజి కాచిపోసేదెవరు?" అన్నాడు ఒబదయా క్రిక్ అనే ముసలి పడవవాడు.

"పెళ్ళాం కాస్తుంది. ఇంకెవరు?" అంది గుమ్మం దగ్గర నుంచి పెద్దమ్మ. రొయ్యల తట్ట దించి, మొగుణ్ణి ఇంటికి లాక్కుపోదామని వచ్చిన మనిషి, అంతా నిలబడి విన్నది. అందరూ గొల్లున నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

ఆ రోజు ఇంటికి వచ్చి మా అమ్మతో ఒక్క మాటే అందట: "నాన్న ఓడకి ఆ సాయంత్రం ఇలాంటి చప్పుడు ఒక్కటి వినపడి ఉంటే చాలు కదే."

అలా వాళ్ళిద్దరూ పేషెన్స్ అనే ముసలి ఓడ ఎక్కారు. ఒకప్పుడు బొగ్గు మోసిన ఓడ అది. తెరచాప స్తంభాలు కొట్టేసి, నడుమ ఒక పొట్టి ఫిరంగిని బిగించి, కార్క్ శాండ్ తిన్నెకి అవతల లోతునీళ్ళలో పెద్ద లంగరొకటి, చిన్న లంగరొకటి దించి నిలబెట్టారు. ఫిరంగికి పెదనాన్న, పొయ్యికి పెద్దమ్మ, పడవకి ఒబదయా క్రిక్. లెక్కలు చూడ్డానికి గిల్బర్ట్ మేపుల్‌తోర్ప్ అనే మాస్టారి శిష్యుడు. పాతికేళ్ళు దాటిన మనిషే గాని సముద్రం పడేది కాదు. మొదటి వారమంతా బల్లకి ఒరిగి వాంతులు చేసుకుంటూనే, రోజూ పొద్దున్నే దిక్సూచితో హార్విచ్ చర్చి గోపురం ఏ దిక్కున ఉందో, దీపస్తంభం ఏ దిక్కున ఉందో చూసి, ఓడ తన చోటు నుంచి కదల్లేదని తేల్చుకునేవాడు.

మాస్టారు ఓడ దిగేముందు గట్టిగా చెప్పాడు. "ఓడ తన చోట ఉంటేనే కాల్చాలి. చోటు తప్పిందా, ఏం జరిగినా కాల్చొద్దు. మీరు అక్కడే ఉన్నారని నమ్మి అవతలివాడు ఓడ నడుపుతాడు. అర్థమైందా జేబెజ్?"

"చెవి ఒకటే గాని బుర్ర మొత్తం ఉందండీ," అన్నాడు పెదనాన్న.

వేసవి హాయిగా గడిచింది. చేపల పడవలతో చేసిన పరీక్షలన్నీ కుదిరాయి. మాస్టారి మాట నమ్మి ఈ పనికి డబ్బు పెట్టిన పెద్దమనుషులకి అసలు పరీక్ష కావాలి. అందుకని ఆకులు రాలే రోజుల్లో స్వాలో అనే చిన్న ఓడ మాస్టారినే ఎక్కించుకుని హాలండు వైపు వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు వేరే లెక్కలేవీ చూడకూడదు, పేషెన్స్ ఫిరంగి ఒక్కటే ఆధారం. దాన్ని బట్టే తిన్నెల మధ్య సందులోంచి రేవుకి రావాలి. చీకటి పడేలోపు ఫిరంగి పేలకపోతే మాత్రం వెనక్కి తిరిగి లోతు సముద్రంలోకి పోవాలి. అదీ ఒప్పందం.

స్వాలో తిరిగి రావలసిన రోజుకి ముందే ఈశాన్యపు గాలి లేచింది. మంచినీళ్ళూ రొట్టే తెస్తానని పడవ వేసుకుని ఒడ్డుకెళ్ళిన ఒబదయా మళ్ళీ రాలేకపోయాడు. ఓడ మీద ముగ్గురే మిగిలారు, పడవ లేదు. రెండు రోజులు పేషెన్స్ తల ఎగరేస్తూ లంగరు మోకుని గుంజుతూనే ఉంది. మూడోనాడు మధ్యాహ్నానికి గాలి కాస్త తగ్గింది. హమ్మయ్య అనుకున్నారు. మోకు పరిస్థితి చూద్దామని పెదనాన్న ముందు వైపుకి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే అది తెగింది.

తొడంత లావు మోకు. తెగిన కొస కొరడాలా వెనక్కి వచ్చి ఆయన భుజం మీదా పక్కటెముకల మీదా కొట్టింది. పెద్దమ్మ పరుగెత్తుకొచ్చేసరికి ఆయన బల్లల మీద ముడుచుకుపడి ఉన్నాడు. చెయ్యి ఎటో తిరిగిపోయింది.

"కదపకే... కదపకు... ముందు ఓడ సంగతి చూడు," అన్నాడు పళ్ళు బిగించి.

చిన్న లంగరు ఓడని ఆపలేక అడుగున దున్నుకుంటూ పోతోంది. గాలి తగ్గగానే దట్టంగా పొగమంచు మసక కమ్మింది, గోపురమూ లేదు, దీపస్తంభమూ లేదు. గిల్బర్ట్ తాడుకి కట్టిన సీసపు గుండు నీళ్ళలోకి దించాడు. దాని అడుగున కొవ్వు పూసి ఉంటుంది, నేల ఏదైతే అది అంటుకుని వస్తుంది. పైకి లాగి చూసి తెల్లబోయాడు.

"అమ్మా, మనం ఉన్న చోట అడుగున బురద ఉండాలి. ఇది ఇసుక."

ఆ మాట పూర్తవుతుండగానే కింద ఏదో గుద్దినట్టయింది. మళ్ళీ ఇంకోసారి. మూడోసారికి పేషెన్స్ వెనక భాగం పైకెత్తి, ముందు భాగం నీళ్ళలోకి వంచి తిన్నె మీద కూలబడింది. అడుగు బల్లల సందుల్లోంచి నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు వినిపించింది.

అప్పుడు సముద్రానికి పాటు వేళ. నీళ్ళు తీస్తున్నాయి కాబట్టి ఓడ కాసేపు అలాగే కూర్చుంటుంది. పోటు తిరిగిందంటే అలలు దాన్ని ఎత్తి తిన్నె మీద కొడతాయి. ఆ ముసలి చెక్కలు ఎంతసేపు ఆగుతాయో ముగ్గురికీ తెలుసు. పొద్దు వాలుతోంది.

"ఫిరంగి కాల్చండి," అన్నాడు పెదనాన్న. ఆయన్ని వెనక వైపు ఎత్తు మీదికి చేర్చి, నడుముకి తాడు కట్టి కూర్చోబెట్టారు. "వాల్టన్ ఒడ్డున చేపలవాళ్ళకి వెలుగు కనిపిస్తుంది. ఒబదయా చూస్తాడు. పడవలేసుకొస్తారు. ఊఁ, కానీండి."

పెద్దమ్మ కదల్లేదు. "మనం చోటు తప్పాం కదయ్యా."

"తప్పితే? చచ్చేదాకా నోరుమూసుకు కూర్చోమని చెప్పాడా మీ మాస్టారు?"

"ఏం జరిగినా అన్నాడు."

"ఏం జరిగినా అంటే మాటవరసకి అంటారే పిచ్చిదానా! మునిగిపోతామని ఆయన అనుకున్నాడా?"

గిల్బర్ట్ ముందుకొచ్చాడు. "ఇంకా పొద్దుగూకలేదుగా అమ్మా. వేళ కాని వేళ కాలిస్తే ఇది ప్రమాదమని స్వాలో వాళ్ళకి తెలుస్తుంది. ఇప్పుడే కాల్చేద్దాం." అంటూనే ఆగిపోయాడు. బల్ల మీద చతికిలబడ్డాడు.

"ఏమైంది నాయనా?"

"వాళ్ళకి వేళ ఎలా తెలుస్తుంది? ఈ మసకలో సూర్యుడే లేడు. ఓడ మీద గడియారం ఇన్ని రోజులు సరిగ్గా నడవదు, నడిస్తే ఈ ఫిరంగి గోలే అక్కర్లేదు. మనం ఎప్పుడు కాలిస్తే అదే పొద్దుగూకిన వేళ అనుకుంటారు. వెలుగు చూసి, చప్పుడు లెక్కపెట్టి, మాస్టారు దగ్గరుండి ఓడ తిప్పిస్తాడు."

"ఎటు తిప్పిస్తాడు?"

"మనం ఎంత దూరం కొట్టుకొచ్చామో నాకే తెలీదమ్మా. ఎటైనా కావచ్చు. తిన్నెల్లోకే కావచ్చు."

పెదనాన్న అరిచాడు. "కావచ్చు, కాకపోవచ్చు! మనం చావడం మాత్రం ఖాయం. డోర్కస్, నిప్పు తే!"

ఓడ మొత్తానికి నిప్పు ఉన్నది పెద్దమ్మ పొయ్యిలోనే. ఆవిడ పొయ్యి దగ్గరకి నడిచింది. ఆ కొద్ది దూరంలో ఏమనుకున్నావని నేను చాలాసార్లు అడిగాను. మీ నాన్నని తలుచుకున్నావా అంటే, లేదంది. మొగుడి మొహం చూడకుండా ఉంటే చాలనుకున్నానంది.

పొయ్యిలోంచి కాలుతున్న కొరివి తీసింది. వెనక్కి వచ్చి గిల్బర్ట్‌ని అడిగింది.

"ఇది ఆకాశంలోకి లేవకుండా, ఇక్కడే మంట పెడితే వాళ్ళు దాన్ని ఫిరంగి అనుకుంటారా?"

"అనుకోరు. ఫిరంగి వెలుగు పైన మెరిసి ఆరిపోతుంది. కింద ఆగకుండా మండితే ఏదో ఓడ ఆపదలో ఉందనుకుంటారు. కానీ..." మందుగుండు పీపాల వైపు చూశాడు. "అవి ఇక్కడ ఉండగా మంటా?"

"అందుకే వాటిని పారేద్దాం. పట్టు."

పెదనాన్న నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాడు. యుద్ధనౌకల్లో నేర్చినవన్నీ ఆ సాయంత్రం ఖర్చుపెట్టాడని పెద్దమ్మ అనేది. ఒకదాని తరువాత ఒకటి పీపాలు దొర్లించుకుంటూ ఇద్దరూ నీళ్ళలోకి తోశారు. ఆఖరిది పోయాక ఆయన తిట్లు ఆపి చిన్నగా అన్నాడట: "నన్ను చంపేశావే."

ఆవిడ ఇనప పొయ్యిని వెనక వైపు కమ్మీకి గొలుసులతో కట్టి, తారు పీపా పగలగొట్టి అందులో పోసింది. కుర్చీలు, తెరచాప గుడ్డలు, గిల్బర్ట్ పెట్టె, దొరికిందల్లా వేసింది. నల్లటి పొగ లేచింది. దాని కింద ఎర్రటి మంట. మసకలో అది ఎంత దూరం కనిపిస్తుందో ఎవరికి తెలుసు?

పొద్దుగూకే వేళయింది. ఫిరంగి పేలవలసిన సమయం వచ్చింది, పోయింది. నీళ్ళు తిరిగాయి. ఓడ కింద మొదటి అల వచ్చి మెల్లిగా తట్టింది, ఎవరో తలుపు తట్టినట్టు.

అప్పుడే గిల్బర్ట్ తల ఎత్తాడు. "విన్నారా?"

గంట. మసకలో వచ్చే ఓడలు కొట్టే గంట. తూర్పు నుంచి. కాసేపటికి మళ్ళీ, ఈసారి దగ్గరగా.

"స్వాలో," అన్నాడు గిల్బర్ట్. లేచి నిలబడి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, అరవకుండా అలాగే ఉండిపోయాడు. అరిస్తే వినపడేంత దగ్గర కాదు. కానీ ఇంకా దగ్గరికి వస్తే వాళ్ళూ తిన్నె మీదికే వస్తారు. పెద్దమ్మ పిడికిళ్ళు బిగించి, "తిరుగు, తిరుగు నాయనా," అని గొణుగుతూనే ఉంది. పెదనాన్న మాత్రం కళ్ళు మూసుకుని ఆ గంటనే వింటున్నాడు. ఆయనకి పనిచేసే చెవి అటువైపే ఉంది.

గంట ఇంకోసారి మోగింది. ఆ తరువాత చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ వినిపించినప్పుడు సన్నగా, దూరంగా వినిపించింది. ఆ తరువాత అదీ లేదు.

స్వాలో బతికింది. వాళ్ళని కాపాడగలిగిన ఓడ కూడా అదొక్కటే, అది వెళ్ళిపోయింది. గిల్బర్ట్ ఏడ్చేశాడు. పెద్దమ్మ పొయ్యిలో ఇంకో కుర్చీ కాలు వేసింది.

ఆ రాత్రి సంగతి పెద్దమ్మా పెదనాన్నా ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ముందు సగం విరిగి కొట్టుకుపోయిందనీ, పెద్దమ్మ పెదనాన్న మీద పడుకుని అలలకి తన వీపు అడ్డం పెట్టిందనీ గిల్బర్ట్ చెబితే తెలిసింది. మంట ఆరిపోకముందే వాల్టన్ ఒడ్డున ఎవరో ఎర్రటి వెలుగు చూశారు. తెల్లవారుతూనే ఒబదయా క్రిక్ నలుగురు చేపలవాళ్ళతో పడవ వేసుకొచ్చాడు. అప్పటికి పేషెన్స్‌లో మిగిలింది వెనక భాగం ఒక్కటే.

"గంజి ఉందా డోర్కస్?" అన్నాడు ఒబదయా, ఏమనాలో తోచక. ఆవిడకి అప్పుడు నవ్వు వచ్చిందట, ఆపుకోలేనంత.

పెదనాన్న బతికాడు. చెయ్యి మాత్రం మళ్ళీ పైకి లేవలేదు. అంతకంటే పెద్ద కష్టం, ఆయన పెద్దమ్మతో మాట్లాడ్డం మానేశాడు. ఆవిడ గంజి నోటికి అందిస్తే తాగేవాడు, చొక్కా తొడిగితే తొడిగించుకునేవాడు. మాట లేదు. ఊరంతటికీ వినపడే మనిషి నోరు మూసుకుంటే ఇల్లు ఎలా ఉంటుందో మా అమ్మ చెప్పేది.

కొన్ని వారాలకి డబ్బు పెట్టిన పెద్దమనుషులు విచారణకి వచ్చారు. సారాకొట్టు మేడ మీద బల్ల వేశారు. మాస్టారు ఒక మూల కూర్చున్నాడు, స్వాలో కెప్టెన్ లెవెట్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. పెద్దమనుషుల్లో పెద్ద, సర్ మైల్స్ కాస్‌గ్రేవ్ అనే ఆయన, పేలవలసిన ఫిరంగి పేలలేదనీ, మందుగుండంతా సముద్రం పాలైందనీ, ఒక ఆడదాని భయం వల్ల పరీక్ష మొత్తం నాశనమైందనీ అన్నాడు.

"మందుగుండు పారేయమన్నది ఎవరు?" అని అడిగాడు.

పెద్దమ్మ నోరు తెరిచేలోపే పెదనాన్న లేచాడు. "నేను."

గది మారుమోగింది. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

"ఫిరంగి నా చేతికిచ్చారు. కాల్చాలన్నా మానాలన్నా నా ఇష్టం. పారేయమన్నాను, పారేశారు. ఏం చేస్తారో నన్ను చెయ్యండి."

"అబద్ధం, దొరగారూ," అంది పెద్దమ్మ. "ఈయన కాల్చమని నెత్తీనోరూ కొట్టుకున్నాడు. నేనే వినలేదు."

"నువ్వు కూర్చో!"

"ఇన్నాళ్ళకి నోరు లేచిందా? లేచిన మొదటి మాటే అబద్ధమా?"

కెప్టెన్ లెవెట్ నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. సర్ మైల్స్ బల్ల మీద కొట్టాడు. ఆ గోలలో గారడ్ మాస్టారు లేచి వచ్చి, ఎవర్నీ అడగకుండా బల్ల మీద పటం పరిచాడు.

"కెప్టెన్, ఆ సాయంత్రం మీరు తిరిగిపోయిన చోటు?"

లెవెట్ వేలు పెట్టి చూపించాడు.

మాస్టారు పేషెన్స్ ఉండవలసిన చోట ఒక చుక్క పెట్టాడు, తిన్నె మీద అది కూలబడిన చోట ఇంకో చుక్క పెట్టాడు. వెలుగు అక్కడి నుంచి వచ్చి ఉంటే తను ఏ దిక్కు చెప్పేవాడో, ఎంత దూరం చెప్పేవాడో, ఓడని ఎటు తిప్పమనేవాడో ఒక్కొక్కటే పైకి చెబుతూ గీత గీశాడు. గీత గన్‌ఫ్లీట్ తిన్నె మధ్యలోకి వెళ్ళి ఆగింది.

సర్ మైల్స్ పటం మీదికి వంగాడు.

"మా వాళ్ళు ఇరవై మందికి పైనే," అన్నాడు లెవెట్. "మాస్టారు కూడా."

"నేను చెబితే ఈయన తిప్పేవాడు. ఎదురాడేవాడు కాదు," అన్నాడు మాస్టారు. "నా ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నాను. అందులో తప్పు ఈవిడది కాదు. కదలకుండా ఉండేదాన్ని సముద్రం మీద నిలబెట్టగలననుకున్నాను. మునిగేవాళ్ళు కేక వేయడానికి ఇంకో గొంతు ఉండాలని కూడా నాకు తోచలేదు."

మెట్లు దిగేటప్పుడు పెదనాన్న ఒంటిచేత్తో కమ్మీ పట్టుకుని ఆగాడు. "అయినా కాల్చి ఉండాల్సింది," అన్నాడు.

"సరేలే. ఇంటికి పద."

అది మొదలు వాళ్ళిద్దరూ బతికినన్నాళ్ళూ ఆ ఒక్క విషయం మీద పోట్లాడుకున్నారు. ఆయన ఓడిపోవడానికి ఒప్పుకోలేదు, ఆవిడ గెలిచానని చెప్పుకోలేదు.

మాస్టారు ఇప్స్‌విచ్ బడికి తిరిగి వెళ్ళాడు. కానీ రేఖాంశం ఆయన్ని వదల్లేదు. ఏటా ఒకసారి జలుబుతో వచ్చి, పెద్దమ్మ వంటింట్లో కూర్చుని కొత్త ఆలోచన ఏదో చెప్పేవాడు. దిక్సూచి ముల్లు వంపుని బట్టి ఒకటి, చేపల గుంపుల్ని బట్టి ఒకటి. పెదనాన్న ఎగతాళి చేసేవాడు. ఆవిడ బఠాణీ గంజి పోసి చివరిదాకా వినేది, విన్నాక తనకి తోచిన అనుమానం అడిగేది. ఆయన తల గీరుకుని, వచ్చే ఏడు చెబుతాననేవాడు. ఒక ఏడు ఆయన రాలేదు. గిల్బర్ట్ వచ్చి మాస్టారు పోయిన కబురు చెప్పాడు. అతను అప్పటికే లెవెట్ దగ్గర ఓడ పనిలో చేరి, సముద్రం పడని ఒంటితోనే ఓడలు నడుపుతున్నాడు.

బహుమానం సంగతి తేలేసరికి పెద్దమ్మకి జుట్టంతా నెరిసింది, పెదనాన్న పోయాడు. ఎవరో ఒక మనిషి చేసిన గడియారం సముద్రాలు దాటి వెళ్ళి కూడా వేళ తప్పలేదని హాలండు ఓడ మీద నుంచి ఒకతను వచ్చి చెప్పాడు. నేను అప్పుడు ఆవిడ పక్కనే కూర్చుని రొయ్యలు వలుస్తున్నాను. ఆవిడ అతన్ని కూర్చోబెట్టి, అది ఎంత ఉంటుంది, తడిస్తే ఆగదా, ఎవరు కీ ఇస్తారు, కీ ఇచ్చేవాడు జబ్బు పడితే ఎలా అని అడుగుతూనే ఉంది. పాపం, అతనికి సగం తెలియదు. చివరికి విసిగిపోయి, "మీకెందుకండీ ఇదంతా?" అన్నాడు.

"మా మాస్టారికి చెప్పాలి," అంది పెద్దమ్మ.

ఆదివారం నాడు నన్ను తోడు తీసుకుని బండి ఎక్కి ఇప్స్‌విచ్ వెళ్ళింది. చర్చి వెనక గడ్డిలో ఆయన సమాధి రాయి వెతుక్కోడానికి చాలాసేపు పట్టింది. దొరికాక మోకాళ్ళ మీద కూర్చుని, పక్కన ఎవరూ లేనట్టు, గడియారం సంగతంతా నెమ్మదిగా ఆయనకి చెప్పింది.